హాజరుపట్టీ, ఆగస్టు పేజీ

ముక్తేశ్వరం దాటాక కాలవగట్టు మీద
పాత సారా ఫ్యాక్టరీ ఎక్కడండీ అంటే నవ్వారు.
రొయ్యల చెరువుంది. దాని నడిమిన
పడగొట్టడం ఖర్చని వదిలేసిన పొగగొట్టం.
పైన ఓ నీటికాకి రెక్కలారబెట్టుకుంటోంది.

అప్పటికి నా దగ్గరున్నది ఒక్క కాగితం.
బాయిలర్ నూకరాజు కూతురు ట్రంకుపెట్టె అడుగున పరుచుకున్నది.
"లెక్కల మేష్టారు కదా, మీకేవన్నా పనికొస్తాదేమోనండి" అంటూ
కలరా ఉండలు దులిపి ఇచ్చింది.
ఎనభయ్యారు ఆగస్టు. ముప్పై ఒక్క గడి. పదకొండు పేర్లు.

బండి తీశాను.

మొదటి పేరు గుబ్బల సింహాద్రి.
మోకూ కత్తీ అటకెక్కించి
బెల్లపు మడ్డి కలిపే పనికొచ్చాడు.
తొట్టికి చెవానించి వినేవాడట,
బుడగల గొంతు మారితే పులిసినట్టు.
కొడుకు చెబుతూ చెబుతూ
లేని తెడ్డుతో వాకిట్లో గాలిని కలిపాడు.

రెండో పేరు ఎవరికీ తెలీదు.
చెద తినగలిగినంత తిని, చివర "రావు" అని వదిలింది.
ఈ తాలూకాలో సగం మంది రావులే.

లక్కోజు భద్రాచారి పీపాలు కట్టేవాడు.
తను చుక్క ముట్టడు, ఆయన పీపా చుక్క కార్చదు.
మనవడికి తెలిసిందంతే.
ఆ మాటే రెండుసార్లు చెప్పి
ప్లైవుడ్ కోత చప్పుడులోకి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఆరుగురూ సీసాలు కడిగే ఆడాళ్ళు.
గుమస్తా ఇంటిపేర్ల జోలికి పోలేదు.
మరియమ్మ, ధనమ్మ, పెద సత్తెమ్మ, చిన సత్తెమ్మ,
మళ్ళీ మరియమ్మ, కాంతం.
రోజుకో ముద్ర, గడికో నీలం మచ్చ.
భూతద్దం పెట్టి చూశాను.
గీతల్లేవు. ఒక్కదాంట్లోనూ.

"సోడా నీళ్ళండి," అంది కాంతం.
పూటకి నలభై డజన్లు, పొగలు కక్కే గోలెం.
"ముందు గోళ్ళెల్లాయి, తర్వాత గీతలెల్లాయి.
ఇప్పుడు పింఛను మిషనుకి నేను మనిషిని కాదంట.
నాలుగుసార్లు నొక్కించి, ఇక కళ్ళు చూపించమంటాది ఆ పిల్ల."
చేతులు చాపింది.
వరద తీశాక మిగిలిన ఒండ్రులా నున్నగా ఉన్నాయి.

పదహారో గడి నుంచి పేజీ ఖాళీ.
ఎందుకని అడిగేలోపే చెప్పింది.
ఏటిగట్టు తెగిన రాత్రి
గొడౌను తలుపులు నీళ్ళే తీశాయి.
ఖాళీ పీపాలు గుంపుగా వీధిలోకొచ్చాయి,
పొద్దుగూకి ఇంటికి మళ్ళిన గేదెల్లా.
ఒకదానికి చీరతో ఇద్దరు పిల్లల్నీ కట్టి
తను చీర కొంగు పళ్ళతో పట్టుకుంది.
తెల్లారి కొబ్బరిమట్టల మధ్య దొరికారు, ముగ్గురూ.
నీళ్ళు తీశాక, మొదటి వారం కూలిలోనే
"పీపా ఒకటి" అని రాసి
ఇరవై రూపాయలు కోశాడట గుమస్తా.
"అయినా సవకేనండి, ఆయ్."

కాగితం చేతికిచ్చాను.
చదువు రాదు, గడులు లెక్కపెట్టడం వచ్చు.
పదమూడో గడి మీద వేలాగింది.

"ఇది నాది కాదండి.
ఆ రోజు చంటోడికి విరోచనాలు, నేనెల్లలేదు.
పెద సత్తెమ్మేసుంటాది, నా కూలి పోకూడదని.
మా ఏళ్ళన్నీ ఒకటే కదా, ఎవడు పోల్చుకుంటాడు?"

పెద సత్తెమ్మ ఎక్కడుంటారన్నాను.

మడత మీదే మళ్ళీ మడత పెట్టింది కాగితాన్ని.
"పీపాకి అవతల పక్క పట్టుకుందండి," అంది.
"నున్నటి చేతులు కదా."

మిగిలిన రెండు పేర్ల దగ్గరికీ ఆ వేళ వెళ్ళలేదు.
కాగితం ఆవిడ తిరిగివ్వలేదు.
నేనూ అడగలేదు.